పిల్లలతో అడవికి పోవుట

కొండమీది ప్రసంగములో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞలలో మనము ఆజ్ఞగా ఎంచనిది ఒకటి కలదు. మత్తయి సువార్త ఆరవ అధ్యాయములో ఆయన అడవిపువ్వులను గూర్చి మాటలాడుచు వాడిన క్రియాపదమును మన తెలుగు బైబిలు ‘ఆలోచించుడి’ అని అనువదించినది. అది తప్పు కాదు. అయినను గ్రీకు మూలములోని ‘కతమాథెతె’ అను మాట తలపోయుటతో ఆగదు; శ్రద్ధగా పరిశీలించి పూర్తిగా నేర్చుకొనుటను సూచించును. ‘శిష్యుడు’ అను అర్థమిచ్చు గ్రీకు పదము కూడ అదే ధాతువునుండి పుట్టినది. అనగా, పువ్వునొద్ద శిష్యులై కూర్చుండుడని ప్రభువు మనకు చెప్పుచున్నాడు. ఇక ‘అడవిపువ్వులు’ అను మాట సంగతి. మూలములో ఉన్నవి పొలములోని పువ్వులు. మన పూర్వ అనువాదకులు వాటిని పాలస్తీనా పొలములనుండి తెలుగు అడవికి తెచ్చిరి. అనువాదమే నా వృత్తియైనను ఈ చిన్న స్వేచ్ఛను నేను ఎన్నడును తప్పుపట్టలేదు.

ఈ ఆజ్ఞను నాలుగు గోడల నడుమ కూర్చుండి నెరవేర్చుట కష్టము. మన ఆదివారపు బడి పిల్లలు సృష్టి ఆరు దినముల వృత్తాంతమును తడబడక అప్పగింతురు. వేపకును కానుగకును భేదము అడిగితే తల్లి ముఖము చూతురు. కావున సంఘములు పిల్లలను, వారి తలిదండ్రులను కూడగట్టి ఆరుబయటకు తీసికొనిపోవుట మంచిదని నేను చాలకాలముగా చెప్పుచున్నాను. అయితే ఎట్లు పోవలెను, ఎవరి యొద్దకు పోవలెను అను ప్రశ్న నాకు బస్తరులోగాని పుట్టలేదు. అచ్చట నేను చేసిన తప్పును మొదట చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట జగదల్పూరులో నివసించు తెలుగు కుటుంబములు కొన్ని తమ పిల్లలతో ఒక దినము బయట గడపదలచి, వాక్యము చెప్పుటకు నన్ను పిలిచిరి. కార్యక్రమమును ఏర్పరచు భారమును కూడ నామీదనే పెట్టిరి. పట్టణమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున కాంగేర్ లోయలోనున్న తీరథ్‌గఢ్ జలపాతమునకు పోతిమి. అచ్చట నీరు సుమారు 300 అడుగుల ఎత్తునుండి మెట్లు మెట్లుగా దిగివచ్చును. బ్యాటరీతో పనిచేయు స్పీకరు పెట్టెను వెంట తీసికొనిపోవుదమని చెప్పినవాడను నేనే. జలపాతపు హోరును మించి కీర్తనలు వినబడవలెనని ధ్వని పెంచితిమి. బిర్యానీ భుజించితిమి, పిల్లలచేత కుర్చీలాట ఆడించితిమి, బహుమానములు పంచితిమి. తరువాత సృష్టిలో దేవుని మహిమ అను అంశముపై నేను ముప్పావు గంట ప్రసంగించితిని. నేను కొండరాతికి ఆనుకొని నిలిచితిని గనుక, నన్ను చూచుటకై ఆ పిల్లలందరు జలపాతమునకు వీపు త్రిప్పి కూర్చుండవలసి వచ్చెను. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనేలేదు.

మేము బయలుదేరునప్పుడు ఎనిమిదేండ్ల బాలిక ఒకతె మేము విడిచిన కాగితపు పళ్లెములను ఏరి సంచిలో వేయుచుండెను. ఆమె ఆ ప్రాంతపు ధుర్వా తెగ పిల్ల. మా పిల్లలలో ఒకడు నా చెయ్యి పట్టుకొని, “అయ్యగారూ, ఈ పాప ఇక్కడ పనిచేస్తుందా?” అని అడిగెను. “కాదు బాబూ, ఈ ఊరి పిల్లే” అంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, “అయితే మనం వీళ్ల ఇంటికి వచ్చామా?” అనెను. ముప్పావు గంట ప్రసంగించిన నా నోట ఒక్క మాట రాలేదు.

అడవిని గూర్చి మనము రెండు విధములుగా పొరబడుచున్నాము. అది మన కొరకే ఉన్నదనుకొనుట మొదటిది. యోబు గ్రంథములోని చివరి అధ్యాయములు చదివినవారికి ఈ భ్రమ నిలువదు. అచ్చట దేవుడు, మనుష్యుడు లేని ఎడారిమీద తాను వర్షము కురిపించు సంగతిని, కొండమేకలు ఈనెడి కాలమును, ఎవరికిని లోబడని అడవిగాడిదను గూర్చి మాటలాడును. వాటిలో ఒక్కటియు యోబునకు ఉపయోగపడునది కాదు. మనకు అక్కరకు రానిదానియందును సృష్టికర్త ఆనందించుచున్నాడని పిల్లలకు చెప్పుటకు కాంగేర్ లోయలోని కోటుంసర్ గుహకంటె మంచి చోటు నాకు తెలియదు. ఆ చీకటిలోని నీటిగుంటలలో చూపు క్షీణించిన చిన్న చేపలు బ్రదుకుచున్నవి. వాటిని ఎవరును పట్టి అమ్మరు, ఎవరును వండుకొని తినరు. అవి ఉన్నవి, అంతే.

అడవి ఎవరిదియు కాదనుకొనుట రెండవ పొరబాటు. ఇది మొదటిదానికంటె హానికరమైనది, ఏలయనగా చూచుటకు భక్తివలె కనబడును. ‘మనుష్యుని చెయ్యి సోకని దేవుని తోట’ అని మనము ప్రార్థనలలో పలుకుదుము. బస్తరులో అట్టి చోటు వెదకుట వ్యర్థము. 1998లో విభజింపబడకముందు ఒకే జిల్లాగా కేరళ రాష్ట్రముకంటె విశాలమైయుండిన ఆ దేశములో, ఏ చెట్టు ఏ ఇంటివారిదో ఊరివారికి తెలియును. ఇప్పచెట్టునే తీసికొనుడి. మార్చి, ఏప్రిల్ నెలలలో దాని పువ్వు రాత్రివేళ మొదలుకొని తెల్లవారువరకు రాలును. సూర్యుడు ఉదయింపకముందే తల్లి, తండ్రి, అవ్వ, పిల్లలు గంపలు పట్టుకొని బయలుదేరుదురు. చెట్టుక్రింద నేలను ముందే ఊడ్చి శుభ్రముచేసియుంతురు. ఒకరి చెట్టుక్రింద మరియొకరు ఏరరు. మన ప్రసంగీకులకు ఇప్పచెట్టు అనగానే సారాయి మాత్రమే జ్ఞాపకము వచ్చును. ఎండిన పువ్వు కరవు దినములలో ఆహారమనియు, గింజనుండి నూనె తీయుదురనియు వారు ఎరుగరు. కుటుంబమంతయు పిల్లలతో కూడ ఆరుబయట గడుపుటయని మనము దేనిని పిలుచుచున్నామో అది వారికి ఆ ఋతువు పని. దానికి కరపత్రము అక్కరలేదు.

పిల్లలను పెంచుటయు అట్లే. ఆంగ్లికను గురువుగా 1927లో మన దేశమునకు వచ్చి, తరువాత ఆ పరిచర్యను విడిచిపెట్టిన వెరియర్ ఎల్విన్, మురియాల ఘోటులును గూర్చి 1947లో గొప్ప గ్రంథము ప్రచురించెను. ఆయన తీర్మానములన్నిటిని మనము అంగీకరింపనక్కరలేదు, నేనును అంగీకరింపను. అయినను పెద్దపిల్లలు చిన్నపిల్లలకు కట్టెలు తెచ్చుట, ఆవరణమును ఊడ్చుట, ఆట, పాట, మర్యాద నేర్పు ఒక వ్యవస్థ అచ్చట ఉండెనని ఆయన వ్రాసిన దానిని మన ఆదివారపు బడి ఉపాధ్యాయులు చదివితే సిగ్గుపడదురు. మన యొద్ద పెద్దపిల్లలు మూలన కూర్చుండి ఫోను చూచుకొందురు.

అడవి ఎవరిదియు కాదని తలంచువారు దానిని మార్చివేయుటకు వెనుకాడరు. 1970ల దశకములో ప్రపంచ బ్యాంకు సహాయముతో బస్తరులోని సాలవృక్షముల స్థానమున కాగితపు గుజ్జు కొరకు పైన్ చెట్లను నాటుటకు ప్రణాళిక వేసిరి. పైన్ చెట్టు క్రింద ఇప్పపువ్వు రాలదు. ఆదివాసులు ఎదిరించిరి, తుదకు ఆ ప్రణాళిక విరమింపబడెను. తరువాత అంతకంటె చెడ్డ దినములు వచ్చెను. 2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి సరిహద్దు దాటి గోదావరి ఇవతలి అడవులకు చేరిరి. ఖమ్మము, వరంగల్ ప్రాంతములవారు వారిని గొత్తికోయలని పిలుచుదురు. ఆదివాసి యువకులకు ప్రత్యేక పోలీసులుగా ఆయుధములిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పెను. అయినను తునికాకు కోయబోయిన వారి కాలిక్రింద మందుపాతరలు ప్రేలుట అంతటితో ఆగలేదు. యుద్ధకాలమందైనను ముట్టడివేసిన పట్టణపు ఫలవృక్షములను నరుకకూడదని ద్వితీయోపదేశకాండము ఇరువదవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. చెట్టును కాపాడిన ధర్మశాస్త్రము ఆ చెట్టు క్రిందికి పోవు బిడ్డను గూర్చి ఏమనునో నేను చెప్పనక్కరలేదు.

ఇట్టి దేశములో మనము పిల్లలతో విహారమునకు పోవుట తగునా? తగదని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించెను. ఇతరులు భయముతో నడచు త్రోవలో మనము ఆటలాడుట నిర్దయయని ఆయన మాట. ఆ మాటలో బరువున్నది. అయినను పోకుండుటవలన మన పిల్లలకు ఆ బాలిక ముఖము ఎన్నటికిని తెలియకుండును. తెలియనివారి కష్టము వార్తాపత్రికలో ఒక పంక్తి మాత్రమే. లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయములో దేవుడు భూమికి తానే సొంతదారుడననియు, తన జనులు దానియందు అతిథులవంటివారనియు సెలవిచ్చెను. అతిథికి పోవు హక్కు లేదు, పిలుపు ఉండవలెను. పోయినతరువాత ఆ ఇంటివారి వాడుకను ఎరిగి మసలుకొనవలెను.

ఇచ్చట మనవారితోనే నాకు మరియొక తగవు కలదు. ఇట్టి కార్యక్రమములను సువార్త ప్రకటనకు సాధనముగా వాడుకొనవచ్చునని, ఊరి పిల్లలను కూడ పిలిచి మిఠాయిలు పంచి కరపత్రములు ఇయ్యవచ్చునని కొందరు సలహా చెప్పిరి. బస్తరులో సంఘము క్రొత్తది కాదు. మెథడిస్టు మిషనరీలు 19వ శతాబ్దపు చివరి దశకములోనే జగదల్పూరునకు వచ్చిరి. అయినను 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాలలో అనేక క్రైస్తవ ఆదివాసి కుటుంబములు స్వగ్రామములనుండి తరిమివేయబడి చలిలో ఆశ్రయము వెదకిరి. తరిమివేయుటను ఏ కారణమును న్యాయపరచదు. మన మిఠాయికిని వారి శ్రమకును నేను ముడిపెట్టుట లేదు. నేను అడుగునది వేరు: ఆ మిఠాయి దానమా, ఎరయా? లోపల గాలమున్న దానము దానము కాదు. క్రొత్త నిబంధనలో గాలమును గూర్చిన ప్రస్తావన ఒక్కటే కలదు, అది పన్ను చెల్లించుటకు నాణెము తెచ్చు చేప కొరకు. మనుష్యులను పట్టు జాలరులుగా పిలువబడినవారి చేతిలో ఉండినవి వలలు. వాటిని కూడ వారు విడిచి ప్రభువును వెంబడించిరి. మన విశ్వాసమును ఎవరైన అడిగితే దాచకుండుట వేరు, బిడ్డల ఆటలో దానిని దాచిపెట్టుట వేరు.

మరుసటి సంవత్సరము ఆ కుటుంబములవారు మరల పిలిచిరి. స్పీకరు పెట్టెను ఇంటనే ఉంచితిమి. ఇప్పుడు కాంగేర్ లోయలో స్థానిక యువకులే త్రోవ చూపుచున్నారు. కొండమైనాను కాపాడుటకు ‘మైనా మిత్రులు’గా పనిచేయుచున్నవారును ఆ ఊళ్లవారే. అచ్చటి ధుడ్‌మారస్ గ్రామము 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థవారి ఉత్తమ గ్రామముల అభివృద్ధి కార్యక్రమమునకు ఎంపికయ్యెను. మేము ఒక ధుర్వా యువకుని ముందుగా కలిసికొని, “మీకు ఏ దినము అనుకూలము?” అని అడిగితిమి. భోజనమునకు ఆకుదొన్నెలను ఊరి స్త్రీల యొద్ద కొంటిమి. నేను ప్రసంగింపలేదు. మొదటి గంట తల్లులకు తోచలేదు. ఒక తండ్రి సంకేతము అందుట లేదని మూడుసార్లు చెప్పెను. పిల్లలు మాత్రము పుట్టచుట్టు చేరి కూర్చుండిరి.

ఒక వృక్షముల గుంపు యొద్దకు రాగానే ఆ యువకుడు చెప్పులు విడిచెను. అది ఆ ఊరివారికి పూజ్యమైన తావు. మావారిలో కలవరము పుట్టెను. విగ్రహారాధనకు లోబడుట కాదా అని ఒక తల్లి నన్ను ప్రక్కకు పిలిచి అడిగెను. మోషేయు చెప్పులు విడిచెనని చెప్పుట సులభమే గాని అది నిజమైన సమాధానము కాదు. మండుచుండిన పొదలో మాటలాడినవాడు వేరు. నేను ఆ చెట్లకు మ్రొక్కను. అయితే నేను ఎవరి ఇంటికి పోయినను గడపయొద్ద చెప్పులు విడుతును, ఆ ఇంట ఎవరి పటము వ్రేలాడుచున్నదో చూచి కాదు. నేను విడిచితిని. ఆమె విడువక, పిల్లవానితో వెలుపలనే నిలిచెను. ఆమె మనస్సాక్షిని నేను బలవంతపరచలేదు. కొరింథీయులకు వ్రాసిన అపొస్తలుడును అట్లు చేసియుండడు.

మధ్యాహ్నము వాగు యొద్దకు దిగితిమి. ఆ యువకుడు నీటిని చూపి “నీర్” అనెను. పిల్లలు గొల్లున నవ్విరి; తెలుగు మాట పలికెననుకొనిరి. భాషావేత్తలు పర్జీ అని పిలుచు ధుర్వా భాష మన భాషవలెనే ద్రావిడ కుటుంబమునకు చెందినదని, బరో, భట్టాచార్య అను పండితులు 1953లో దానిని గూర్చి గ్రంథము ప్రచురించిరని నేను చెప్పబోతిని. ఎవరును వినలేదు. వారు ఒక్కొక్క వస్తువును చూపి పేరు అడుగుచుండిరి. నిరుడు నన్ను ప్రశ్నించిన బాలుడు రాతి సందున పూచిన చిన్న పువ్వు నొకదానిని చూపెను. యువకుడు పేరు చెప్పెను. నేను జేబులోని పుస్తకము తీసి వ్రాసికొంటిని. బాలుడు నా భుజముమీదుగా వంగి చూచి, “అయ్యగారూ, మీరు తప్పు రాశారు” అని, ఆ యువకునివైపు తిరిగి, “అన్నా, ఇంకొకసారి చెప్పు, అయ్యగారికి వినపడలేదు” అనెను.