బుట్ట కింద పిల్లి

తద్దినంనాడు పిల్లిని బుట్ట కింద పెట్టిన కథ తెలియనివాళ్లు మనలో ఉండరు. పెంపుడు పిల్లి వంటల మధ్యకి వస్తోందని పెద్దాయన దాన్ని బుట్ట కింద మూసేవాడు. ఆయనా పోయి, పిల్లీ పోయాక, కొడుకు పక్కింటి పిల్లిని అరువు తెచ్చి మరీ బుట్ట కింద పెట్టాడట. చెప్పుకుని నవ్వుకోవడం సులువే. నాకు మాత్రం ఆ కొడుకు పెళ్లాన్ని తలుచుకుంటే జాలేస్తుంది. బుట్ట తీసేద్దామని ఆవిడకి తోచే ఉంటుంది. తీస్తే ఏమన్నా అయితే ఎవరు పూచీ?

ఇది నాకు కంప్యూటర్ల మూలంగా గుర్తొచ్చిందంటే మీరు నమ్మరు. మా కోడలు ఒక కంపెనీవాళ్ల సర్వర్లు చూస్తుంది. సర్వరంటే, ఎదురుగా మనిషి కూర్చోని కంప్యూటరు అనుకోండి. అదెక్కడో సముద్రం అవతల చల్లటి గదిలో ఉంటుంది. ఈవిడ మా హాల్లో సోఫా మీద కూర్చుని దాన్ని బాగుచేస్తూంటుంది. నెలాఖరు రాత్రి అందరి జీతాల పట్టికలూ అక్కడ ఎక్సెల్‌లో వాటంతటవే తయారవుతాయి. పాత ఉద్యోగి మానేసి వెళితే ఈ మధ్యే అది ఈమెకి అప్పగించారు. లోపల సర్దుతూంటే, విండోస్ సొంత ఫోల్డర్లలో ఎక్కడో లోలోపల 'డెస్క్‌టాప్' అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డరు కనిపించింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రాసి లేదు.

"చెత్త అత్తయ్యా, తీసేస్తాను" అంది. మళ్లీ తనే ఆగి, వెతికి, దాని చరిత్ర పట్టుకుంది.

విండోస్ సర్వర్ 2008 వచ్చిన రోజుల్లో చాలామందిని ఏడిపించిన రోగానికి మందు అది. మనిషి లేకుండా సర్వరు మీద ఎక్సెల్‌ని నడిపిస్తే, ఫైలు అందడం లేదని మొరాయించేది. కారణాలు మూడు చెప్పేది. ఆ పేరుగల ఫైలు లేదు. లేదా ఇంకో ప్రోగ్రాము దాన్ని వాడుతోంది. లేదా అదే పేరుతో మరో పట్టిక తెరిచి ఉంది. పాపం జనం మూడూ చూసేవాళ్లు. ఫైలు ఉన్నచోటే ఉండేది, ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కారు. అనుమతులు మార్చి చూసేవాళ్లు, ఆఫీస్‌ని తీసి మళ్లీ ఎక్కించేవాళ్లు. అయినా అదే మాట, అవే మూడు కారణాలు. (ఇళ్లల్లో అలిగినవాళ్లు చెప్పే కారణాలూ ఇలాగే ఉంటాయి లెండి.) చివరికి సిస్టమ్ ఖాతాకి కేటాయించిన చోట 'డెస్క్‌టాప్' అని ఒక ఖాళీ ఫోల్డరు చేసి పెడితే, ఆ గొడవ కాస్తా పోయింది!

దీనికి చెప్పుకునే వివరణ ఏమిటంటే, ఎక్సెల్ మనిషి కోసం పుట్టింది. ఎదురుగా ఒక మనిషీ, ఆ మనిషికో బల్లా ఉంటాయని దాని నమ్మకం. బల్ల లేని ఇంట్లో అది కాలు పెట్టదు. మనిషి లేనిచోట ఆఫీస్ ప్రోగ్రాముల్ని ఇలా నడపమని తాము చెప్పమని మైక్రోసాఫ్ట్ వారు కూడా రాసే పెట్టారు. ఏదైనా ప్రశ్న తెరమీదికి వచ్చిందనుకోండి, 'సరే' అని నొక్కే వేలు అక్కడుండదు. తెల్లవార్లూ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

సరే, ఆ రోజుల తరవాత ఎక్సెల్ ఎన్నిసార్లు మారలేదు? ఆ ఫోల్డరుతో ఇంకా పనుందా, లేక అది పక్కింటి పిల్లేనా?

కారణం తెలియనిదాన్ని మోసుకుంటూ పోతే మనమూ బుట్టలు మూసేవాళ్లమే అంటుంది కోడలు. కాదనను. కానీ నేను ముప్ఫైయేళ్లు జీతాల బిల్లులు రాసినదాన్ని. ఆ పట్టికలో మేనేజరు పేరూ ఉంటుంది, వాచ్‌మన్ పేరూ ఉంటుంది. మూడురోజులు ఆలస్యమైతే మేనేజరుకి చిరాకేస్తుంది, వాచ్‌మన్‌కి పాలవాడి దగ్గర మాట పోతుంది. మన కుతూహలానికి ఖర్చు అతను పెట్టుకోవాలా?

"పదో తారీఖున తీసి చూస్తాను. మొరాయిస్తే క్షణంలో మళ్లీ పెట్టేస్తాను" అంది.

"పదో తారీఖున పలికి, నెలాఖరున పలక్కపోతే?"

"ఆ రాత్రి పడుకోను, దాని దగ్గరే కూర్చుంటాను."

దీనికి నేను అడ్డు చెప్పలేకపోయాను. బుట్ట ఎత్తే హక్కు, పిల్లి ఎటు దూకినా పట్టుకోవడానికి కాచుక్కూర్చునేవాళ్లకి ఉంది. తెలియక ఎత్తేసి, హాయిగా నిద్రపోయేవాళ్లతోనే ప్రమాదం. అలాంటివాళ్లని తయారుచేసేది ఆ పాత ఉద్యోగిలాంటివాళ్లే. ఏ అర్ధరాత్రో, పది ఫోన్ల మధ్య మందు దొరికితే చాలని నిద్రపోయి ఉంటాడు, అర్థం చేసుకోగలను. మర్నాడు లేచాకైనా రెండు ముక్కలు రాసి పెట్టకపోవడాన్ని మాత్రం క్షమించలేను. ఇది బద్ధకం కాదు, వెనక వచ్చేవాళ్లంటే లెక్కలేకపోవడం.

అందుకని ముందు చీటీ రాయమన్నాను, రాసింది. అదెందుకుందో, ఏ రోజుల నాటిదో, తీస్తే ఏమేం చూసుకోవాలో అన్నీ ఉన్నాయి. ఇప్పుడు తగువల్లా దాన్ని ఎక్కడ పెట్టాలని. ఆ ఫోల్డరులోనే పెడితే తెరిచినవాళ్ల కంటబడుతుంది కదా అంటాను నేను.

"ఖాళీగా ఉండటమే దాని పనైతేనో అత్తయ్యా?" అంటుంది కోడలు.