బరి దిగవలసిన దినము

ముష్టియుద్ధములో పలుమారు గెలిచి, దేశదేశముల పేరుపొంది, వయస్సు మీరిన తరువాత ఘోరముగా ఓడిపోయిన వీరుడు ఇక చాలించుకొనవలెనా, లేక మరల బరిలో దిగవలెనా? ఈ ప్రశ్న దినపత్రికల ఆటల పుటకు చెందినది గదా, సంఘపత్రికలో దీనికి తావెక్కడిదని కొందరు చదువరులు అనుకొనవచ్చును. అయితే కొంచెము నిదానించి చూచినయెడల ఇది మన యింటి ప్రశ్నయే. చేతులు వణకుచున్నను నాగలి మేడి కుమారుని కియ్యని తండ్రి, గొంతు పోయినను పాట తానే యెత్తవలెనను పెద్ద, కండ్లు మసకబారినను రాత్రివేళ బండి తోలుట మానని వాడు మన గ్రామములలో లేరా? బలము దేవుడిచ్చిన యీవి అని ఒప్పుకొనువారు, ఆ యీవి తరిగిపోవు దినమున ఏమి చేయవలెనో కూడ ఆలోచింపక తప్పదు.

దావీదు గొల్యాతును కొట్టిన సంగతి ఆదివారపు బడి పిల్లలందరు చెప్పగలరు. రెండవ సమూయేలు గ్రంథము 21వ అధ్యాయములో నున్న సంగతిని పెద్దలలోనే చాలమంది యెరుగరు. అక్కడ దావీదు ముసలివాడగుచున్నాడు. ఫిలిష్తీయులతో యుద్ధము చేయుచు సొమ్మసిల్లిపోయెను. అదే సమయమున ఇష్బిబేనోబ అను ఉన్నతదేహుడు, 300 తులముల యెత్తుగల యీటె పట్టుకొని, ఇతని నిప్పుడు చంపుదునని మీదికి వచ్చెను. ఒకప్పుడు ఇటువంటి వానిని ఒక్క రాతితో పడగొట్టిన చేయి ఇప్పుడు లేవలేదు. సెరూయా కుమారుడైన అబీషై అడ్డము వచ్చి వానిని చంపి రాజును కాపాడెను. అటుతరువాత జనులు దావీదుతో, నీవు ఇక మాతో యుద్ధమునకు రాకూడదని ప్రమాణముచేసి చెప్పిరి. వారు చెప్పిన కారణమును గమనింపుడు. నీవు ఇక పనికిరావు అని వారు అనలేదు. నీవు ఇశ్రాయేలునకు దీపమువంటివాడవు, నిన్ను ఆరిపోనియ్యము అని వారి భావము.

ఇంకొక సంగతి యున్నది. దావీదు ఇంట నిలిచినందున ఉన్నతదేహులు రాకుండ పోలేదు. అదే అధ్యాయములో మరి ముగ్గురు వచ్చిరి. వారిలో ఒకనికి చేతికి ఆరేసి వ్రేళ్లు, కాలికి ఆరేసి వ్రేళ్లు. వారిని వేరువేరు మనుష్యులు కూల్చిరి. కడపట గ్రంథకర్త లెక్క వ్రాయునప్పుడు ఆ నలుగురిని దావీదు పేరను అతని సేవకుల పేరను కలిపియే వ్రాసెను. యుద్ధమునకు పోనివాని పేరు జయపు లెక్కలోనుండి కొట్టివేయబడలేదు!

దావీదు దీనికి ఎదురు చెప్పినట్లు వ్రాయబడలేదు. ఆ మాట చెప్పినవారెవరు? అతనితోకూడ దెబ్బలు తినినవారు. గట్టునకూర్చుండి చూచినవారు కారు, అతని యుద్ధమువలన లాభము పొందువారును కారు. ఈ భేదము చాల ముఖ్యమని నా తలంపు. ఓడిన వీరుని చుట్టు ఎప్పుడును రెండు గుంపులుండును. వాని పని అయిపోయినదని నవ్వు గుంపు ఒకటి; ఇంకొక్కసారి దిగుము, నీకు సాటి యెవరని ఉసికొల్పు గుంపు మరియొకటి. మొదటి గుంపు మాట బాధపెట్టును గాని, ప్రాణము తీయునది రెండవ గుంపు మాటయే.

ముహమ్మద్ ఆలీ పేరు వినని ఊరు లేదు. 1980లో ఆయన మద్రాసునకు వచ్చి ప్రదర్శన పోటీ యాడినప్పుడు జనులు విరుచుకుపడి చూచిరి. అదే సంవత్సరము అక్టోబరు 2న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఆయన లారీ హోమ్స్ అను వానితో పోరాడెను. ఆలీకి అప్పటికి 38 ఏండ్లు. అంతకుముందే విరమించుకొని, మరల వచ్చినవాడు. హోమ్స్ ఒకప్పుడు ఆలీకి అభ్యాసమునందు ఎదురు నిలిచి దెబ్బలు కాచిన కుర్రవాడు. పది విడతలు అయిన తరువాత ఆలీ గురువైన ఏంజెలో డండీ ఇక చాలునని పోటీ ఆపించెను. ఆలీ తన జీవితమంతటిలో పోరు ముగియకముందే ఆపివేయబడి ఓడినది ఆ ఒక్కసారియే. గెలిచిన హోమ్స్ తరువాత ఆయన గదికి వెళ్లి కన్నీరు విడిచెనని చెప్పుదురు. అంతటితోనైన ఆగెనా? 1981 డిసెంబరు 11న బహామా దీవులలో ట్రెవర్ బెర్బిక్ అను వానితో మరల పోరాడి మరల ఓడెను. 1984లో ఆయనకు పార్కిన్‌సన్ వ్యాధి యని వైద్యులు తేల్చిరి. 2016 జూన్ 3న చనిపోవువరకు, ఏండ్ల తరబడి ఆ చేతులు వణకుచునే యుండెను. తలపై తినిన దెబ్బలే ఆ వ్యాధికి కారణమని వైద్యులందరును ఏకముగా చెప్పలేదు, నేనును చెప్పను. కాని ఆయన సొంత వైద్యుడు ఫెర్డీ పచేకో 1977లోనే మూత్రపిండములు చెడుచున్నవని పరీక్షల కాగితములు పంపి, మానుకొమ్మని వేడుకొని, ఎవరును వినకపోగా ఆయన కొలువు విడిచిపోయెను. ఆలీకి అబీషై లేక పోలేదు. ఉన్న అబీషై మాట వినువారు లేకపోయిరి.

ముష్టియుద్ధపు అలసట కాడి యెద్దు అలసటవంటిది కాదని మనవారు తెలిసికొనవలెను. కపిల తోలిన కాలమున ఎద్దు దినమంతయు బావి గట్టున దిగి యెక్కి అలసినను, ఒక రాత్రి మేసి పడుకొనినచో తెల్లవారి లేచెడిది. మెదడు అట్లు కాదు. అది పుఱ్ఱెలోపల మెత్తగానుండు వస్తువు. దెబ్బ తగిలినప్పుడెల్ల కదలి లోపలి గోడకు తాకును, లోపలి సన్నని నరములు సాగి తెగును. పడిపోయినంత పెద్ద దెబ్బయే కానక్కరలేదు; అభ్యాసములో ప్రతిదినము తగులు చిన్న దెబ్బలు కూడ కూడుచు పోవును. 1928లో మార్ట్‌లండ్ అను అమెరికా వైద్యుడు, ముసలి ముష్టియోధులు తాగినవారివలె తూలుచు నడచుటయు, మాట తడబడుటయు, మతి తప్పుటయు ఎట్టిదో వైద్యపత్రికలో వ్రాసెను. అప్పు పుచ్చుకొనినది యౌవనమందు, వడ్డీ కట్టునది వృద్ధాప్యమందు. కనుకనే ఓడినవాడు నాకేమియు కాలేదు, బాగుగానే యున్నానని చెప్పిన మాట సాక్ష్యముగా చెల్లదు.

మన మదనపల్లె ప్రాంతమువారికి ఈ సంగతి కొత్త కారాదు. 1912లో వెలసిన ఆరోగ్యవరములో, క్షయకు మందులు లేని దినములలో, పడుకొని యుండుటయే మందు. బలమైన పడుచువారు సహితము నెలల తరబడి మంచముమీద కదలక యుండిరి. వారిని పిరికివారని ఎవరనిరి?

అయితే అందరును ఓడినవెంటనే దిగిపోవలెనా? కాలేబు 85 ఏండ్ల వయస్సున యెహోషువ యెదుట నిలిచి, నాకు నాటి బలమే నేడును కలదు, ఆ కొండసీమ నాకిమ్మని అడిగెను. అడిగి హెబ్రోనును గెలుచుకొనెను. మన కాలమున జార్జి ఫోర్‌మన్ ఉండెను. ఆలీచేత 1974లో ఓడిన ఈ బలశాలి, 1977 మార్చిలో జిమ్మీ యంగ్ అను వానిచేత మరల ఓడి, ఆ రాత్రి వస్త్రములు మార్చుకొను గదిలోనే దేవుడు తన్ను ముట్టెనని సాక్ష్యమిచ్చెను. చేతికి తొడుగులు విప్పి, హ్యూస్టన్‌లో బోధకుడై పదేండ్లు గడపెను. పిల్లలకొరకు తాను పెట్టిన కేంద్రమునకు ధనము చాలక 1987లో తిరిగి బరిలో దిగెను. నవ్వినవారందరు నవ్వగా, 1994 నవంబరు 5న 45 ఏండ్ల వయస్సున మైకేల్ మూరర్‌ను పడగొట్టి జగజ్జెట్టి యాయెను. 2025 మార్చిలో మృతిపొందెను.

ఈ కథ చాలమందికి ప్రియమైనది. నాకును ప్రియమే. కాని దీనినిబట్టి తీర్పుచేయుట మంచిది కాదందును. అదే మనుష్యుడు అదే ఉద్దేశముతో దిగి, కన్ను పోగొట్టుకొనియో మతి పోగొట్టుకొనియో వచ్చియుండినయెడల మనమే అవివేకి యని అందుము గదా. పని మంచిదా చెడ్డదా యనుటకు జయము కొలతబద్ద కాదు. కాలేబు వంటి ఒక్కని పేరు గ్రంథములో నిలిచినది. అట్లు అడిగి కొండమీదనే పడిపోయినవారి పేరులు ఎవరు వ్రాసిరి? మరియు ఫోర్‌మన్ పదేండ్లు ఒక్క దెబ్బయు తినక విశ్రమించి వచ్చినవాడని మరువరాదు.

ఓడిన రాత్రియే తీర్మానము చేయరాదని మాత్రము గట్టిగా చెప్పుదును. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమనెను. దేవుడు ఆ మాటకు ఔననలేదు, కాదనలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి నిద్రింపనిచ్చెను. మరల లేపి మరల తినిపించెను. పని యప్పగించుట తరువాతి మాట. ఆ అప్పగించిన పనులలో ఒకటి, పండ్రెండు అరకల ఎద్దులతో దున్నుచున్న ఎలీషాను తనకు మారుగా అభిషేకించుట.

మన తెలుగు దేశపు కరణం మల్లేశ్వరి ముష్టియోధురాలు కాదు, బరువులెత్తు వీరురాలు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ పోటీలలో మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము తెచ్చెను. ఒలింపిక్ పతకము పొందిన భారత స్త్రీలలో ఆమెయే మొదటిది. తరువాత తల్లియై, 2004లో ఏథెన్సు పోటీలకు మరల పోయి, పోటీ ముగింపలేకపోయెను. ఆమె అంతటితో చాలించుకొనెను. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ఆమె ఉపకులపతిగా నియమింపబడెను. సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయులు 50 ఏండ్లకు బరువు పని మాని, తమ సహోదరులకు తోడుగానుండి కావలి కాయవలెనను ఏర్పాటు కలదు. గుడారము విడిచి పొమ్మని అక్కడ లేదు.

హార్స్లీ కొండను మన పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ యందురు. ఆ కొండ నడచి యెక్కినవారికి తెలిసినదే: ఎక్కునప్పుడు ఊపిరి పట్టును గాని, మోకాళ్లు నొచ్చునది దిగునప్పుడే. పేరుపొందినవారి దిగుడు అంతకంటె కష్టము, ఏలయనగా క్రిందనున్న కడుపులు చాలయుండును. అమెరికాలో జో లూయీ అను మహా ముష్టియోధుడు ప్రభుత్వమునకు కట్టవలసిన పన్నుల బాకీ తీర్చుటకే విరమణ మాని తిరిగి వచ్చి, 37 ఏండ్ల వయస్సున 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో చేత ఎనిమిదవ విడతలో నేలకొరిగెను. అతనిని బరిలోనికి నెట్టినది గర్వము కాదు, అప్పు. ముసలివానిని ఇక మానుము అని చెప్పువారు, మానినయెడల వాని యింట పొయ్యి ఎట్లు మండునని కూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్న అడుగక మొదటి మాట చెప్పుటకు మనకు హక్కు కలదా?

ఇక వెనుక కాచుకొనియున్నవారి సంగతి. మణిపూరుకు చెందిన మేరీ కోం ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012లో లండనులో కంచు పతకము పొందినది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2019లో, ఒలింపిక్ అర్హత పోటీకి ఎవరు పోవలెనో పరీక్ష పెట్టి తేల్చుమని కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరము వ్రాసెను. ఆ డిసెంబరులో ఢిల్లీలో పరీక్ష జరుగగా మేరీ కోం 9–1 తేడాతో గెలిచెను; చేయి కలుపక వెళ్లెనని పత్రికలు వ్రాసెను. సౌలు దావీదును చూచిన చూపు మన కందరికి ఎప్పుడో ఒకప్పుడు కలుగునది గనుక ఆమె మీద రాయి వేయను. 2021 జూలై 29న టోక్యోలో, 38 ఏండ్ల వయస్సున, నలుగురు బిడ్డల తల్లియైన ఆమె కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియాతో పోరాడెను. మూడు విడతలలో కడపటి రెండు గెలిచియు, న్యాయాధిపతుల లెక్కలో 3–2గా ఓడెను. 2022 జూన్‌లో మరియొక పరీక్షలో మోకాలు దెబ్బతిని బరి దిగవలసివచ్చెను. 40 ఏండ్లు నిండినవారు ఆ పోటీలలో దిగరాదను నియమము తరువాత ఆమె దారి మూసివేసెను. 2024లో ఆమె స్వయముగా, ఆకలి యింకను ఉన్నది గాని నియమము ఒప్పదని చెప్పెను. తానే చెప్పవలసిన మాట నియమమే చెప్పవలసివచ్చుట కొంత విచారకరము. అయినను ఎవరును చెప్పకుండుట కంటె మేలు.

నిఖత్ 2022 మే 19న ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యాయెను. 2024 ఆగస్టు 1న పారిసులో చైనాకు చెందిన వూ యూ చేత 5–0గా ఓడి కన్నీరు పెట్టుకొనెను. అప్పటికి ఆమెకు 28 ఏండ్లు. మానుకొమ్మని ఎవరును అనలేదు, అననక్కరలేదు. 2025లో లివర్‌పూలులో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె మరల దిగెను. ఏదో యొక ఊరిలో ఇప్పుడు చేతులకు గుడ్డ చుట్టుకొని అభ్యసించుచున్న చిన్నది ఒకనాడు, నిఖత్‌తో నాకును పరీక్ష పెట్టుడని ఉత్తరము వ్రాయును.