గోడమీది పూలబొమ్మకు వెల కట్టేదెవరు?



దూరాన ఉన్న మీలో చాలామందికి సొంత ఊళ్లో తాళం వేసిన పాత ఇల్లొకటి ఉంటుంది. మా హుమ్నాబాద్‌లోనూ అట్టి ఇళ్లున్నాయి. వాటిని ఖాళీ చేసే రోజున పాత సామాన్లు కొనే సేటును పిలిచి, "నువ్వే ఒక ధర చెప్పవయ్యా" అంటాము. మంచాలు, బిందెలతోపాటు గోడమీద ఏనాటిదో పూలబొమ్మ కూడా బండెక్కిపోతుంది. తెలియనివాని సొత్తును తెలిసినవాడు చవకగా కొనవచ్చునా?

అమెరికాలోని అరిజోనాలో 1996లో ఒక వృద్ధురాలు చనిపోగా, ఆమె ఆస్తి చూసేవారు వెల కట్టడానికి ఒకామెను పెట్టుకున్నారు. చిత్రకళకు తాను వెల కట్టననీ, అటువంటివి కనబడితే వేరొకరిని పిలవాలనీ ఆమె ముందే చెప్పింది. తర్వాత ఏమీ చెప్పలేదు. ఆ మౌనాన్ని నమ్మి వారు రెండు చిత్రాలను 60 డాలర్లకు అమ్మేశారు. కొన్నవాడు ఇంటికి వెళ్లి సంతకాన్ని పుస్తకంలోని సంతకాలతో పోల్చి చూశాడు. మన సంపెంగకు చుట్టమైన మగ్నోలియా పూలను మార్టిన్ జాన్సన్ హీడ్ (1819–1904) గీసిన చిత్రం వాటిలో ఒకటి! క్రిస్టీస్ వారి వేలంలో రెండు చిత్రాలూ కలిసి 10,72,000 డాలర్లు పలికాయి. దావా వేస్తే, 2000లో అప్పీలు కోర్టు, "మీకు తెలియదని తెలిసి కూడా అమ్మారు, నష్టం మీదే" అన్న భావంతో తీర్పిచ్చింది.

తీర్పు సరైనదే. కొన్నవాడికీ అప్పుడు ఏమీ తెలియదు, దేనినీ దాచలేదు. కాని తెలిసే కొని ఉంటే? మత్తయి 13లోని దాచబడిన ధనం ఉపమానాన్ని కొందరు ఎత్తుతారు. అది పరలోకరాజ్యపు విలువ చెప్పడానికే గాని బేరాలు నేర్పడానికి కాదు. అయినా, ఏళ్ల తరబడి నేర్చుకున్న తెలివే వ్యాపారికి పెట్టుబడి. మనం చెప్పిన ధరకు అతడు కొంటే నేను తప్పుపట్టను. "నువ్వే చెప్పు" అన్నప్పుడు మాత్రం అతడు కొనుగోలుదారుడే కాదు, మనకు సలహాదారుడు కూడా. అప్పుడు తగ్గించి చెప్పడం దొంగ తూకమే.

కనుక వెల కట్టేవాడు కొనేవాడు కాకూడదు. అతని కూలి కూడా ధరలో ఇంత వంతు అని కాక, ముందే ఒప్పుకున్న మొత్తంగా ఇవ్వాలి. అంతకుముందు మీరే భూతద్దంతో చూడండి. సన్నని చుక్కల వరుసలు కనబడితే అచ్చుబొమ్మే. రంగు ఉబ్బెత్తుగా ఉండి కుంచె జాడలు కనిపిస్తే వెనుకవైపు తిప్పి సంతకం, తేదీ, ఫ్రేము కట్టినవారి చీటీ వెదకండి. 1950ల నాటి బొమ్మ 1972 చట్టం ప్రకారం పురావస్తువు కాదు, దానికి నూరేళ్లు నిండాలి. ఊరూ పేరూ తెలియని చేతి పనికి సాధారణంగా పెద్ద ధర రాదు. మన హైదరాబాదు పి.టి. రెడ్డి (1915–1996) వంటివారి సంతకం కనబడితే మాత్రం తొందరపడవద్దు.

సేటు సంగతి అలా ఉంచండి. "అమ్మ గుర్తుగా ఈ బొమ్మ నేనుంచుకుంటాను" అని ఊళ్లో ఉన్న తమ్ముడు ఫోన్ చేస్తే, దుబాయిలోని అక్క కళ్లనీళ్లతో సరే అంటుంది. దాని వెల అతనికి ముందే తెలిసి ఉంటే, ఆ మాట అక్కకు చెప్పి తర్వాత అడగాలి.