పిల్లల చేతిలోని రెండవ నాలుక

ధ్యానభాగము: నిర్గమకాండము 23:1, యాకోబు 3:5-6



అబద్ధపు వార్తను పుట్టించువాడే గాక, దానిని మోసికొని తిరుగువాడును దోషియని ధర్మశాస్త్రము మనకు బోధించుచున్నది. యాకోబు నాలుకను నిప్పుతో పోల్చెను. పాకల వరుసలో ఒక కొసన పడిన రవ్వ ఏమి చేయునో మన నెల్లూరు తీరపు పాలెముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన పిల్లలకు రెండవ నాలుక వచ్చినది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులు పంచ మొదలుపెట్టెను. ఇంటిలో ఫోను ఉండనే యున్నది. చదువుకు అవి మేలే. మేము వాటిని నిందింపము. అయితే పలకా బలపము చేతికిచ్చినవారు అక్షరములు దిద్దించిరి గదా! ఈ పలకతో మెలగు మర్యాదను ఎవరు దిద్దింపవలెను?

2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చిరను పుకారు ఫోనులలో ప్రాకగా, మన దేశములో అనేకచోట్ల ఏ పాపము ఎరుగనివారు జనుల దెబ్బలకు చనిపోయిరి. ఆ సంవత్సరమే వాట్సాపు వారు మన దేశములో ఒక సందేశమును ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. యంత్రమునకు హద్దు పెట్టవచ్చును. మనస్సాక్షికి నేర్పియే తీరవలెను.

మన తీరమునకు ఇది ప్రాణముల మాట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు ముందుగా హెచ్చరించు ఏర్పాటు మనకు లేకపోయెను. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో హెచ్చరిక కేంద్రము ఏర్పడెను. నేడు తుపాను కబురు ఫోనుకే వచ్చుచున్నది. అయితే పాత బొమ్మను చూపి, అల వచ్చుచున్నదని నవ్వులాటకు పంపు పిల్లవాడు, రేపు నిజమైన హెచ్చరికను సహితము ఎవరును నమ్మకుండ చేయును.

గనుక లెక్కలతోపాటు ఇదియు నేర్పుడని మన బడుల ఉపాధ్యాయులను వేడుకొందము: పంపకముందు ఎవరు చెప్పిరో విచారించుట, తోటి పిల్ల ఫొటోను ఆమె సెలవు లేక పంపకుండుట, ముఖము ఎదుట అనజాలని మాటను తెరమీద వ్రాయకుండుట, ఓటీపీని ఎవరికిని చెప్పకుండుట, మోసపోయి సొమ్ము పోయినయెడల సిగ్గుపడి దాచక వెంటనే 1930కు తెలుపుట, భయపడిన బిడ్డ 1098కు ఫోను చేయవచ్చునని ఎరుగుట.

బడిలో నేర్చినది ఇంట చెడకూడదు. ఆరాధన ముగించి వెళ్లుచునే మనము విచారింపని వార్తను సంఘపు గ్రూపులో పంపినయెడల, పిల్లలు మన బోధను విడిచి మన వ్రేలిని చూచి నేర్చుకొందురు. ఈ నెలలో ప్రతి ఇంట ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండి, ఫోనుకు వచ్చిన ఒక వార్త నిజమో కాదో కలిసి విచారించుదము. తెరకు ఆవల నున్నవాడును మన పొరుగువాడే. ప్రభువు మన మాటను, మన వ్రేళ్లను సత్యమందు నిలుపును గాక. ఆమేన్.