జాలీని మందలించిన తాత

హైదరాబాద్‌లో ఒక చెరువు పక్కన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. ఆ నేల ఒకప్పుడు చెరువు నీళ్లు నిలిచిన శిఖమని పాతవాళ్లు చెబుతారు. కొన్నవాళ్లకు ఆ మాట రిజిస్ట్రేషన్ అయ్యాక చెవిన పడింది.

కింద సెల్లార్. అందులో కార్లు, స్కూటర్లు, లిఫ్టు గుంట, మంచినీళ్ల సంపు, ఒక పక్కన వాచ్‌మన్ గది. అన్నిటికన్నా పల్లంలో, మూడో పిల్లర్ దగ్గర, జానెడు జాలీ. నేల మీద పడ్డ నీళ్లన్నీ ఆ జాలీలోకి జారి, దాని కింద వంపు తిరిగిన గొట్టాన్ని దాటి, మూలనున్న మురుగు గుంటలో చేరేవి. రోడ్డు మీది డ్రైనేజీ సెల్లార్ కంటే ఎత్తులో ఉంది గనుక నీళ్లు వాటంతటవి బయటికి పోలేవు. గుంటలో మట్టం పెరిగితే మోటారు తనే లేచి వాటిని పైకి తోసేది. పిల్లలు పడతారని గుంట చుట్టూ నడుమెత్తు గోడ కట్టి, పైన మూత బిగించారు.

వాచ్‌మన్ పాలమూరు నుంచి వచ్చిన పెద్దాయన. అందరికీ తాత. ప్రతి శనివారం పొద్దున్నే ఒక బకెట్ నీళ్లు తెచ్చి జాలీలో పోసేవాడు. పోసి, వంగి, చెవి పెట్టి వినేవాడు.

సెక్రటరీ గారిది గోదావరి జిల్లా. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటున్న చోట వారానికో బకెట్ నేలపాలవడం ఆయన లెక్కకు ఎక్కలేదు.

"ఏం చేస్తున్నావు తాతా?"

"జాలీని మందలిస్తున్న సార్."

"పాపం, అదేం తప్పు చేసింది?"

పక్కనే నిలబడ్డ మూడో అంతస్తు పాప కిసుక్కున నవ్వింది. "అంకుల్, తాతవాళ్ల ఊళ్లో మందలించడం అంటే తిట్టడం కాదు. బాగున్నావా అని పలకరించడం."

తాత పాపవైపు తిరిగాడు. "దీని గొంతుల గుక్కెడు నీళ్లు నిలిచి ఉంటయి బిడ్డా. ఆ నీళ్లే కాపలా. అవి ఉన్నన్ని దినాలు గుంటల వాసన, బొద్దింకలు పైకి రావు. ఎండాకాలం అవి ఆరిపోతయి, అందుకే పోస్త. పోసినంక లెక్కవెట్టాలె. పది లోపల మింగితే మంచిగున్నట్టు. ఇరవై దాటితే గొంతుల ఏదో అడ్డం వడ్డట్టు."

అడ్డం పడ్డ రోజున చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని జాలీ ఎత్తేవాడు. ఇసుక, ఆకులు, వెంట్రుకల ఉండలు, పాలప్యాకెట్ కొసలు, గుట్కా కాగితాలు బయటికొచ్చేవి. ఒకసారి ఎవరిదో స్కూటర్ తాళం చెవి కూడా వచ్చింది. అప్పటినుంచి లెక్కపెట్టే పని పాప తీసుకుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. తాత ఊరెళ్లిపోయాడు. శనివారాలు వచ్చాయి గానీ బకెట్ రాలేదు. కార్లు కదలలేదు, వాటిని కడిగేవాళ్లూ రాలేదు. సెల్లార్ నేల మీద చుక్క నీరు పడలేదు. ఏప్రిల్ ఎండలకు జాలీ గొంతులోని గుక్కెడు నీళ్లు ఆవిరైపోయాయి.

మే నెలలో వాసన మొదలైంది. సెక్రటరీ గారు ఫినాయిల్ చల్లించారు. రెండు రోజులు ఆగి మళ్లీ వచ్చింది. వాసన వెంట బొద్దింకలు వచ్చాయి. మందు కొట్టించారు. జూన్‌లో లిఫ్టులోకి కూడా కంపు చేరేసరికి వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. వాసన ఆ కన్నంలోంచే వస్తోందని కనిపెట్టారు. కనిపెట్టినందుకు ఒకరినొకరు మెచ్చుకున్నారు. మేస్త్రీని పిలిచి జాలీ మీద సిమెంటు వేయించి, నున్నగా పాలిష్ పట్టించారు. ఖర్చు పదిహేను వందలు. వాసన ఆ రోజే పోయింది.

"ఇన్నాళ్ల బాధ ఒక్క తట్ట సిమెంటుతో తీరింది" అన్నారు సెక్రటరీ గారు. వాన నీళ్లు ఎటు పోతాయని పాప అడిగింది. "సెల్లార్‌లో వాన పడదమ్మా" అన్నారు ఆయన.

అదీ నిజమే. సెల్లార్‌లో వాన పడదు, నడుచుకుంటూ వస్తుంది. ర్యాంపు మొదట్లో రోడ్డు నీళ్లు దిగకుండా కట్టిన గట్టు ఒకటి ఉండేది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు పరవడంతో రోడ్డు పెరిగి, గట్టు రోడ్డుతో సమానమైంది. జూలై, ఆగస్టు వానలకు ర్యాంపు అంచున తడి కనిపించేది. తుడిపించారు.

అక్టోబరు వచ్చింది. ఇక వానలు వెళ్లిపోయాయనుకున్నారు. 13వ తేదీన నగరం మీద ఆకాశం విరిగిపడింది. ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురిసింది. చెరువులు పొంగాయి, రోడ్లు కాలువలయ్యాయి. రాత్రికి ర్యాంపు మీద నీళ్లు మెట్లు దిగినట్టు దిగడం మొదలుపెట్టాయి.

నీరు పల్లమెరుగు. సెల్లార్‌లోకి వచ్చిన నీళ్లు నేరుగా మూడో పిల్లర్ దగ్గరికే వెళ్లాయి. అక్కడ దారి లేదు. చుట్టూ తిరిగాయి, నిలిచాయి, పెరిగాయి. మోకాలి లోతయ్యేసరికి లిఫ్టు గుంట నిండింది. సంపు మూత నేలమట్టానికే ఉంది గనుక బురద మంచినీళ్లలో కలిసింది. ఇక మురుగు గుంట? నడుమెత్తు గోడ మధ్య పొడిగా ఉంది. సెల్లార్ అంతటికీ ఆ రాత్రి పొడిగా ఉన్న చోటు అదొక్కటే. మోటారు ఉంది, కరెంటు ఉంది, నీళ్లు మాత్రం దాని దాకా చేరలేదు.

పాప వాళ్ల నాన్న ఫోను తీసుకుని తాతకు కలిపింది. ఫోను సెక్రటరీ గారి చేతికి వెళ్లింది.

"తాతా, సెల్లార్ మునిగింది."

"ముందుగాల కరెంటు బంద్ చేసిండ్రా సార్?"

చేయలేదు. తెల్లారే దాకా ఎవరినీ కిందికి దిగవద్దన్నాడు తాత. కరెంటు ఆఫీసువాళ్లకు చెప్పి బయటనుంచే బంద్ చేయించమన్నాడు. ఆ తర్వాత జాలీ సంగతి అడిగాడు. సెక్రటరీ గారు చెప్పారు. అవతల కాసేపు మాట లేదు.

"దాని నోరు మూసిండ్రా?" అన్నాడు చివరికి.

ఆ రోజు ఊరంతా పంపుల కోసమే వెతుకుతోంది. ఎక్కడా దొరకలేదు. పక్క అపార్ట్‌మెంటులోకీ నీళ్లు వచ్చాయి. అంత వానను ఏ జాలీ ఆపలేదు. కానీ రోడ్డు మీద నీళ్లు తగ్గాక వాళ్ల సెల్లార్ సాయంత్రానికల్లా ఖాళీ అయింది. వీళ్లది మాత్రం మూడో రోజుకూ అలాగే ఉంది. గడ్డపార పట్టుకున్న కుర్రాడు బురదనీళ్లలో దిగి అడిగాడు, ఎక్కడ కొట్టాలని. పాలిష్ పట్టిన నేల, పైన మురికి నీళ్లు. ఎవరికీ గుర్తులేదు. మెట్ల మీదినుంచి పాప చెప్పింది: "మూడో పిల్లర్ నుంచి గోడవైపు నాలుగడుగులు. నేను ప్రతి శనివారం అక్కడే కూర్చుని లెక్కపెట్టేదాన్ని."

అయిదో దెబ్బకు సిమెంటు పగిలింది. నేల గుటుక్కుమంది. అందరూ పైకి వచ్చాక ఎలక్ట్రీషియన్ మోటారుకు పైనుంచి వేరే లైను ఇచ్చాడు. చీకటి పడేలోపు నేల కనిపించింది. సంపు కడిగి బ్లీచింగ్ వేసి మళ్లీ నింపడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

దసరా వెళ్లాక తాత తిరిగొచ్చాడు. మొదటి శనివారం పొద్దున్న బకెట్ కోసం వెతికితే కనిపించలేదు. అప్పటికే సెక్రటరీ గారు దాన్ని మూడో పిల్లర్ దగ్గరికి మోసుకెళ్లారు. నీళ్లు పోసి, వంగి, చెవి పెట్టారు. పాప లెక్కపెట్టింది.

"పదకొండు, అంకుల్."

సెక్రటరీ గారు చొక్కా చెయ్యి మడిచారు.

నీతి: కంపు కొట్టే నోటిని మూయకు. దానికి ఏం కరువైందో అడుగు.

ఆ అపార్ట్‌మెంటులో ఎవరూ సోమరులు కారు. ఫినాయిల్ చల్లారు, మందు కొట్టించారు, సిమెంటు వేయించారు. ప్రతిసారీ డబ్బు పెట్టారు. ఒక బకెట్ నీళ్లు అడిగిన జాలీకి అవి తప్ప అన్నీ ఇచ్చారు. వాసన జబ్బు కాదు, జాలీ చెప్పుకున్న మొర. మొర వినబడకుండా చేసి, బాధ తీరిందనుకున్నారు.

తాత బకెట్‌లో రెండు పనులు ఉన్నాయి. ఒకటి కాపలా: రెండంగుళాల నీళ్లు గొట్టం వంపులో నిలబడి కిందిగాలిని కిందే ఉంచుతాయి. రెండోది పరీక్ష: నీళ్లు ఎంతసేపట్లో దిగాయన్నదే గొట్టం ఆరోగ్యం. మృగశిర కార్తెకు ముందే ఆ పరీక్ష గుంటకూ చేయాలి. నాలుగు బకెట్లు పోసి మోటారు లేస్తుందో లేదో చూడాలి. రోడ్డు మురుగు వెనక్కి రాకుండా పైపులో ప్లంబర్లు పెట్టే ఎన్నార్వీ రెక్క సరిగా మూసుకుంటోందో చూడాలి. రోడ్డు పెరిగితే ర్యాంపు గట్టునూ పెంచాలి. వీటిలో ఏదీ పెద్ద పని కాదు. అయితే వానలో చేయగలిగిన పని కూడా కాదు.

సక్రమంగా పనిచేసే జాలీ దగ్గర ఏమీ జరగదు. ఏమీ జరగని చోటికి వారం వారం వెళ్లి పలకరించడానికి ఓపిక కావాలి. సంసారంలో అలాంటి జాలీలు ఇంకా ఉంటాయి: నొప్పి లేని పన్ను, గొడవ పెట్టని తమ్ముడు, ఏమీ అడగని అమ్మ.

మందలించడం అనే మాటకు మన తెలుగులో రెండర్థాలున్నాయి. పాలమూరు అర్థంలో వారానికోసారి మందలించుకున్న ఇంట్లో, గోదావరి అర్థంలో మందలించుకునే రోజు అరుదుగా వస్తుంది.