రోజూ రీస్టార్ట్ అయ్యే సర్వర్

ఒక పరీక్షల ఆఫీసులో రెండు టామ్‌క్యాట్ సర్వర్లుండేవి. ఇద్దరు అడ్మిన్లలో దరఖాస్తులది పెద్దవాడు చూసేవాడు, మార్కులది చిన్నవాడు.

మార్కుల సర్వర్ సాయంత్రమయ్యేసరికి నెమ్మదించేది. చిన్నవాడు రోజూ రాత్రి 2 గంటలకు అది దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా క్రాన్ పెట్టేశాడు. తెల్లారేసరికి సర్వర్ మళ్లీ చురుగ్గా ఉండేది. ఇక దాని జోలికి పోలేదు.

పెద్దవాడు మాత్రం వారానికోసారి కూర్చుని డిస్కులో ఎంత చోటుందో, గార్బేజ్ కలెక్టర్ ఊడ్చాక హీప్ ఎంత నిండి ఉంటోందో, సర్టిఫికెట్ గడువెప్పుడో చూసి రాసుకునేవాడు. పాత లాగ్ ఫైళ్లు కంప్రెస్ చేసి వేరే చోటికి పంపేవాడు.

"బాగానే నడుస్తోంది కదన్నా, ఎందుకీ శ్రమ?"

"బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే తమ్ముడూ, బాగాలేనప్పుడు తేడా తెలిసేది."

ఫలితాలొచ్చిన రోజు పొద్దున 11 గంటలకే మార్కుల సర్వర్ 'అవుటాఫ్ మెమరీ' అంటూ పడిపోయింది. రీస్టార్ట్ చేస్తే అరగంటలో మళ్లీ పడింది. హీప్ డంప్ తెరవబోతే ఫైలు సగమే ఉంది. క్యాటలీనా డాట్ అవుట్ అనే లాగ్ ఫైలు ఏనాడూ రొటేట్ కాక, డిస్కంతా ఆక్రమించేసింది. చిన్నవాడు కంగారులో ఆ ఫైలును డిలీట్ చేశాడు. అయినా చోటు ఖాళీ కాలేదు.

"నడుస్తున్న టామ్‌క్యాట్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది తమ్ముడూ. డిలీట్ చేస్తే పేరు పోతుంది, చోటు రాదు. ఫైలును ఉంచి, లోపలున్నది ఖాళీ చెయ్యాల్సింది" అన్నాడు పెద్దవాడు.

సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే చోటొచ్చింది. మరోసారి పడినప్పుడు డంప్ పూర్తిగా దొరికి, అసలు సంగతి తేలింది. ఎవరు హాల్ టికెట్ నంబరు కొట్టినా ఆ వివరాలను ప్రోగ్రాం ఒక స్టాటిక్ మ్యాప్‌లో దాచుకుంటోంది, తీసెయ్యడం లేదు. వాడుకలో ఉన్నట్టే కనబడే వాటిని గార్బేజ్ కలెక్టర్ ముట్టదు. ఆ తప్పు ఆనాటిది కాదు. రోజూ సాయంత్రం నెమ్మదించి సర్వర్ చెబుతూనే ఉంది. రాత్రి రీస్టార్ట్ ఆ ఆనవాలును తుడిచేస్తూ వచ్చింది.

ప్రోగ్రాం సరిచేశారు, లాగ్ ఫైలుకు రొటేషన్ పెట్టారు. క్రాన్ నుంచి ఆ రీస్టార్ట్ లైను చిన్నవాడే తీసేశాడు.

నీతి: కారణం వెతకని రీస్టార్ట్ మరమ్మతు కాదు, వాయిదా. సర్వర్ నెమ్మదిస్తే ముందు థ్రెడ్ డంప్, హీప్ డంప్ తీసి దాచి, ఆ తర్వాతే రీస్టార్ట్ చెయ్యాలి. తీరిక ఉన్నప్పుడు చూడని సర్వర్‌ను, జనం ఎదురుచూసే రోజున చూడక తప్పదు.