చెక్కల మోతా, నా చెవీ

చెక్కభజన దగ్గర నిలబడి విన్నవాళ్ళకు తెలుసు, ఆ మోత చెవికంటే ముందు ఒంటికి తగుల్తుంది. కడప, కర్నూలు పల్లెల్లో రామాలయం ముందు గుండ్రంగా తిరుగుతూ, కాలి గజ్జెలూ చేతి చెక్కలూ ఒక్క దెబ్బగా పడేలా అడుగేస్తారు. ఆ మోత ఇసుమంతైనా చెడకుండా జేబులో పెట్టుకుని తిరగాలన్నది నా పిచ్చి. దానికి పాట మీద ప్రేమ అని పేరు పెట్టుకుని చాలాకాలం గడిపాను. ఇప్పుడు ఆ పేరు మీదే నాకు అనుమానం.

నా జేబులోని పాటల పెట్టెలో, అంటే మ్యూజిక్ ప్లేయర్‌లో, నడిచేది రాక్‌బాక్స్. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చక 2001 చివర్లో స్వీడన్‌లో కొందరు ఆర్కోస్ జ్యూక్‌బాక్స్ అనే ప్లేయర్ కోసం సొంతంగా రాయడం మొదలుపెట్టిన ఫర్మ్‌వేర్ అది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ తొలి పెట్టెల్లో ఎంపీ3ని విప్పడానికి విడిగా ఒక చిప్ ఉండేది. ప్రోగ్రామ్ రాసేవాడి చెయ్యి అక్కడికి పెద్దగా అందేది కాదు. ఐరివర్ హెచ్120 వంటివాటిలో ఆ పని అసలు ప్రాసెసరే చేస్తుంది కాబట్టి కొత్త ఫార్మాట్ కావాలంటే కోడ్ రాసుకోవచ్చు. వేవ్, ఏఐఎఫ్ఎఫ్ లాంటి కుదించని ఫార్మాట్లు అలా చేరాయి. ఆ కోడ్ నేను రాసింది కాదు. చదివాను, నా పెట్టెకు కంపైల్ చేసుకున్నాను, అంతే. నలుగురిలో చెప్పేటప్పుడు మాత్రం గొంతులో రాసినవాడి ధీమా పలికేది.

కుదించని శబ్దంలో విప్పడానికేముంది, పని సులువే కదా అనిపిస్తుంది. ప్రాసెసర్‌కు సులువే, కష్టమంతా పాటలు దాచే హార్డ్ డిస్క్‌ది. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్ళు. మొత్తం సెకనుకు 1,76,400 బైట్లు. హెచ్120లో మెమరీ 32 ఎంబీ. నిండా నింపినా మూడు నిమిషాలకల్లా అయిపోతుంది, డిస్క్ మళ్ళీ తిరగాలి. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే అదే మెమరీతో అరగంట నడుస్తుంది. డిస్క్ తిరిగినప్పుడల్లా బ్యాటరీ కరుగుతుంది.

వేవ్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ఫైలు మొదట్లో దాని పొడవు రాసుకునే చోటు 32 బిట్లే, అందుకని 4 జీబీ దాటలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో స్టీరియో రికార్డు చేస్తే నాలుగు గంటలకు నిండిపోతుంది. మా వైపు భజన పొద్దుగూకి మొదలైతే కోడి కూసేదాకా సాగొచ్చు. రికార్డర్ ముక్కలు చేసుకుంటూ పోతుంది. వేవ్ ముక్కలైతే నమూనా పక్కన నమూనాగా అతుక్కుంటాయి, తాళం తప్పదు. ఎంపీ3 1,152 నమూనాల గుత్తులుగా కట్టడంతో మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఎంత చేరిందో ఫైలులో రాసి ఉంటేనే దాన్ని కోసేయగలం.

పైగా ఎంపీ3కి చెక్కల్లాంటి శబ్దమే గండం. నిశ్శబ్దంలోంచి ఠపీమని పుట్టే దెబ్బను తక్కువ బిట్లలో కుదిస్తే, దాని రొద దెబ్బకు ముందు కూడా పాకుతుంది. 1988లో యూరప్ ప్రసార సంస్థల సంఘం శబ్ద నాణ్యతను పరీక్షించడానికి తెచ్చిన సీడీలో స్పెయిన్ వాళ్ళ కాస్టనెట్లు ఉన్నాయి. అవీ చేతి చెక్కలే. మన భజన గురువు ఎవరినైనా పిలిచి ఉంటే ఎంపీ3 వాళ్ళకు ఇంకా చెమట పట్టేది!

ఇవన్నీ నిజాలే. వాటి వెనక దాక్కున్నవాణ్ణి నేను. ఒక స్నేహితుడు ఒకే పాటను వేవ్‌లోనూ ఎంపీ3లోనూ, ఏది ఏదో చెప్పకుండా వినిపించాడు. 128లో ఉన్న ఎంపీ3ని పట్టుకున్నాను. 320ని పట్టుకోలేకపోయాను. 1963 నుంచి పలుకుతున్న కడప ఆకాశవాణిని మీడియం వేవ్ గరగరలోంచి విని పులకించిన చెవి ఇది. దీనికి 24 బిట్లు ఎప్పుడు అవసరమయ్యాయి? అవసరం చెవిది కాదు. అసలైనది నా దగ్గరే ఉందన్న గర్వానిది.

మైదుకూరు వైపు ఒక పల్లెలో భజన గురువుకు ఆయన రికార్డింగే వినిపించాను. విని, "బాగుండాది సార్, మా పిల్లోల ఫోన్లలో పలుకుతాదా ఇది?" అన్నాడు. అంత ఫైలు వాట్సాప్‌లో పోదు. నేను బిట్ల గురించి మొదలుపెట్టాను. పెద్దమనిషి, మర్యాదగా విన్నాడు. ఆ చెక్కలు ఏ కర్రతో చేయించాడో నేను అడగలేదు. అడుగులు ఎవరి దగ్గర నేర్చాడో అడగలేదు. ఫైలు పేరులో 48, 24 అన్న అంకెలున్నాయి, ఆయన పేరు లేదు. పాటకంటే పెట్టెమీదే నాకు మోజెక్కువ అనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

అంతమాత్రాన వేవ్‌ను వదలమనను. కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే ప్రతిసారీ ఇంకొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. మీలో ఎవరైనా ఊళ్ళో భజనలు రికార్డు చేస్తుంటే అసలు ఫైలును వేవ్‌గానో, ఒక్క బిట్టూ పోకుండా కుదించే ఫ్లాక్‌గానో దాచండి. పాడినవాళ్ళకు ఆ రాత్రే ఎంపీ3 పంపండి. ఊరి పేరు, గురువు పేరు, గురువుకు నేర్పినవాళ్ళ పేరు అడిగి రాసుకోండి. రికార్డర్ ఆన్ చేయకముందే అడగండి.